చప్పుడు కనిపెట్టినందుకు పైసలివ్వాలి

కారు నడుస్తుంటే కింద ఎక్కడో గరగరమంటుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం. పని అయ్యాక బిల్లు రాస్తే అందులో రెండే వరసలుంటాయి: సామాను ఇంత, లేబర్ ఇంత. ఆ గరగర ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టిన పనికి బిల్లులో చోటే ఉండదు. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్, ఎక్కడైనా ఇదే పద్ధతి. నా వాదన అంతా ఆ లేని వరస గురించే. లోపం కనిపెట్టడం ఒక పని, పార్టు మార్చడం ఇంకో పని. మొదటిదానికి విడిగా డబ్బులివ్వనంత కాలం మన కార్లలో బాగున్న పార్టులు మారుతూనే ఉంటాయి, చప్పుడు అట్లాగే ఉంటుంది.

ఇది ఎట్లా జరుగుతుందో చూడండి. కంకర తేలిన రోడ్డు మీదో, మొరం రోడ్డు మీదో పోతున్నప్పుడు చిన్న రాయి ఎగిరి, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కుకూ దాని వెనక ఉండే పల్చటి రేకుకూ మధ్య ఇరుక్కుంటుంది. ఇక చక్రం తిరిగినంతసేపూ ఇనుమును ఇనుముతో గీసిన చప్పుడే. కారు నడిరోడ్డు మీద విరిగిపోతుందేమోనని టెన్షన్ పుడుతుంది. చేయాల్సిందల్లా చక్రం విప్పి, స్క్రూడ్రైవర్‌తో రేకును కాస్త ఎడం చేసి, రాయి తీసేసి, రేకును మళ్ళీ సరిచేయడం. ఒక్కోసారి కారును నాలుగు గజాలు రివర్సు తీస్తేనే ఆ రాయి రాలిపోతుంది. సామాను ఖర్చు ఏమీ లేదు. మరి ఆ రాయిని కనిపెట్టిన మెకానిక్‌కు మనం ఇచ్చేదెంత? "రాయి తీసినందుకు ఇంతనా?" అని బేరమాడి, యాభయ్యో వందో చేతిలో పెట్టి వస్తాం. అదే కారు చూసి "ప్యాడ్లు పోయినయి సార్" అన్నవాడికి, డిస్కును ఒత్తి చక్రాన్ని ఆపే ఆ ప్యాడ్ల మీద మార్జిన్ వస్తుంది, లేబర్ వస్తుంది, డిస్కులు లేతు మీద పట్టించి నున్నగా చెక్కిస్తే అందులోనూ ఇంత మిగులుతుంది. చక్రాలు విప్పి బిగించే తిప్పలో రాయి ఎట్లాగూ రాలిపోతుంది కాబట్టి చప్పుడు కూడా పోతుంది. కస్టమర్ సంతోషంగా దండం పెట్టి వెళ్తాడు.

ఈ లెక్కలో మెకానిక్ మోసగాడు కానక్కర్లేదు. షెడ్డు కిరాయి కట్టాలి, ఇద్దరు పిల్లగాళ్ళకు జీతమివ్వాలి. సామాను అమ్మితేనే పైసలు వచ్చే చోట ఎంత నిజాయితీపరుడైనా సామాను వైపే చూస్తాడు. "మెకానిక్కులంతా దొంగలే" అని చాయ్ బండి దగ్గర తీర్పు చెప్పేవాళ్ళు ఈ ఒక్క సంగతి ఆలోచించరు. బిల్లు పద్ధతి మనం పెట్టిందే. పని నేర్చినవాడు కూడా అందుకు తగ్గట్టే నడుచుకుంటున్నాడు.

ఇంతకీ కనిపెట్టడమంటే ఏమిటి, దానికి విడిగా డబ్బులివ్వాల్సినంత విద్య అందులో ఏముంది అని అడగొచ్చు. చాలా ఉంది. కారులో గరగరమనే చోట్లు పదికి పైనే ఉంటాయి, అవన్నీ బయటికి దాదాపు ఒకే తీరున వినిపిస్తాయి. వాటిని విడదీసేది ఆ చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్న ప్రశ్న. అది ఎట్లా ఉందన్నది తర్వాతి మాట.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది బ్రేకు సంగతి. పెడల్ తొక్కినప్పుడే గరగరమంటుందా, తొక్కకపోయినా అంటుందా? తొక్కినప్పుడే అయితే ఇక ఆలస్యం చేయొద్దు. కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక లాంటిది ఉంటుంది. ప్యాడు అరిగేసరికి అది డిస్కుకు తగిలి సన్నగా కీచుమంటుంది. అది హెచ్చరిక. ఆ కీచును నెలల తరబడి వింటూ ఊరుకుంటే పదార్థం పూర్తిగా పోయి వెనక ఉన్న ఇనుప పలక నేరుగా డిస్కును గీస్తుంది. గరగర అప్పుడు మొదలవుతుంది. అప్పటికి డిస్కు మీద గాడులు పడి ఉంటాయి, కారు ఆగే దూరం పెరిగిపోయి ఉంటుంది. ఆ స్థితిలో శ్రీశైలం బయల్దేరి మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి పోయారనుకోండి, ఆ ఘాట్ మలుపుల్లో దిగేటప్పుడు బండి చూపించడానికి షెడ్డు కూడా దొరకదు.

ప్యాడ్లు చూడటంలో ఒక మెలిక ఉంది. అల్లాయ్ వీల్ సందులోంచి ఫోను టార్చి వేస్తే బయటివైపు ప్యాడు కనిపిస్తుంది. అది మందంగా ఉంది కదా, బ్రేకులు బాగున్నట్టే అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే కాలిపర్ జారే పిన్నులు దుమ్ము పట్టి బిగుసుకుంటే లోపలి ప్యాడు ఒక్కటే అరుగుతుంది. బయటిది సగం ఉండగానే లోపలిది ఇనుము దాకా వచ్చేస్తుంది. పాలమూరు, నల్లగొండ వైపు దుమ్ము సంగతి తెలిసిందే కదా. చక్రం విప్పకుండా "ప్యాడ్లు బాగానే ఉన్నయి" అన్నవాడి మాట నమ్మకండి. కొత్త ప్యాడ్లు వేసి ఆ పిన్నులను తుడిచి గ్రీసు పెట్టకుండా పంపినవాడి పని కూడా సగం పనే.

రాత్రి వాన పడి, పొద్దున బండి తీయగానే మొదటి రెండు మూడు బ్రేకులకు గర్రుమని తర్వాత ఊరుకుంటే మాత్రం కంగారు పడొద్దు. డిస్కు మీద రాత్రికి రాత్రే పల్చటి తుప్పు పొర పడుతుంది, బ్రేకు వేస్తే అదే పోతుంది. దానికి మెకానిక్ అవసరం లేదు.

బ్రేకుతో సంబంధం లేకుండా వస్తోందంటే తర్వాత తేల్చాల్సింది ఇంజనా, చక్రమా అన్నది. ఇందుకు ఎవరైనా చేయగల పరీక్ష ఒకటుంది. ఖాళీ రోడ్డు మీద 60లో నాలుగో గేరులో పోతూ చప్పుడు వినండి. అదే స్పీడులో అయిదో గేరు వేయండి. ఇంజను చుట్లు తగ్గాయి కానీ చక్రాల చుట్లు తగ్గలేదు. చప్పుడు కొంచెం కూడా మారకపోతే అది ఇంజను వైపుది కాదు, చక్రాల వైపుది. గేరుతో పాటు మారితే ఇంజను ముందు తిరిగే బెల్టు, దాని పుల్లీ, ఆల్టర్నేటర్ బేరింగు, వాటర్ పంపు వైపు వెతకాలి. అవైతే బండి నిలబెట్టి రేసిచ్చినా వినిపిస్తాయి. క్లచ్ తొక్కినప్పుడే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగు. న్యూట్రల్‌లో వస్తూ క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సులోని బేరింగు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు టకటకమంటే యాక్సిల్ జాయింటు. అప్పుడు చక్రం లోపలివైపు చూస్తే రబ్బరు బూటు చిరిగి గ్రీసు చిమ్మిన మరకలు కనిపిస్తాయి.

చక్రాల వైపుదని తేలాక మిగిలే అసలు అనుమానితులు ఇద్దరు: టైరు, చక్రం సాఫీగా తిరగడానికి మధ్యలో ఉండే వీల్ బేరింగు. ఈ రెంటినీ విడదీయలేకే మన దగ్గర ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. అలైన్‌మెంట్ తప్పో, షాకబ్జార్బర్లు పోయో టైరు గట్లు గట్లుగా అరిగితే అది అచ్చం బేరింగు లాగే గుయ్యిమంటుంది. తేడా చెప్పేది రోడ్డే. ఊళ్ళో సీసీ రోడ్డు మీద ఒకలా, కొత్తగా వేసిన తారు రోడ్డు మీద ఒకలా వినిపిస్తే టైరు. రెండిటి మీదా ఒకేలా ఉండి, స్పీడుతో పాటు మాత్రమే పెరుగుతుంటే బేరింగు. ఇంకా అనుమానం ఉంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడాలి. చప్పుడు కూడా చోటు మారితే టైరే. పంక్చర్ షాపులో అయిపోయే ఈ పరీక్ష చేయకుండా కొత్త టైర్ల జత కొనిపించేవాళ్ళున్నారు.

బేరింగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చిన్న కారుకు ఉండే 14 అంగుళాల చక్రం 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఎనిమిది తొమ్మిది చుట్లు తిరుగుతుంది. కారు బరువులో నాలుగో వంతు దాకా ఆ ఒక్క బేరింగు మీదే ఉంటుంది. లోపల గుండ్లు, అవి దొర్లే రెండు ఉక్కు రింగులు, మధ్యలో గ్రీసు, దుమ్మూ నీళ్ళూ రాకుండా పక్కల సీలు. వానకాలంలో కాజ్‌వే మీద పారే నీళ్ళలోంచి బండి తోలినప్పుడు సీలు పాతబడి ఉంటే నీళ్ళు లోపలికి పోతాయి. గ్రీసు చెడి, రింగు మీద తుప్పు పడి, సూది మొన అంత గుంట మొదలవుతుంది. ప్రతి గుండూ దొర్లుతూ ఆ గుంటలో పడి లేస్తుంటే అంచులు చిట్లి గుంట పెద్దదవుతుంది. అందుకే ఈ చప్పుడు ఒక్కరోజులో రాదు. మొదట రేడియో ఆపితేనే తెలుస్తుంది, తర్వాత రేడియో పెట్టినా తెలుస్తుంది. లారీలు తొక్కి గుంటలు చేసిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్ళ బేరింగులు ఇంకా ముందే పోతాయి.

కోతల కాలంలో ఇంకో సంగతి. రోడ్డు మీద గడ్డి పరిచి ఉంటే దాని మీదుగా తోలకుండా పక్క నుంచి పోయే వీలు చూసుకోండి. అది యాక్సిల్‌కు చుట్టుకుని సీళ్ళను పాడుచేయగలదు, వేడెక్కిన సైలెన్సర్ దగ్గర ఇరుక్కుంటే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇక నా కారు కథ. హైదరాబాద్ నుంచి వస్తుంటే చౌటుప్పల్ దాటాక మొదలైంది. 50 దాటితే గర్రుమనేది, 80 దగ్గర ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సి వచ్చేది. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా ఒకటే. ఒక గ్యారేజీలో చూపించాను. కారును షెడ్డు దాటించకుండానే ముందు ప్యాడ్లు అరిగాయన్నారు. ప్యాడ్లు మార్చారు, డిస్కులు లేతు మీద పట్టించారు. చప్పుడు తగ్గలేదు. "కొత్త ప్యాడ్లు కదా సార్, సెట్ కావాలె, కొన్ని రోజులు తిరుగుండ్రి" అన్నారు. తిరిగాను, తగ్గలేదు. ఈసారి ముందు ఎడమ బేరింగు అన్నారు, అదీ మార్చారు. చప్పుడు చెక్కుచెదరలేదు. ఆ తర్వాత టైర్లు మార్చమన్నప్పుడు నేను ఒప్పుకోలేదు. మార్చిన పార్టులన్నిటికీ బిల్లు కట్టాను, ఒక్క పైసా వెనక్కి రాలేదు. "పార్టు వేసినం కదా సార్" అన్నదే జవాబు. నిజమే, పార్టు వేశారు. నేను పార్టు కోసం పోలేదు, చప్పుడు కోసం పోయాను.

తెలిసినవాళ్ళు చెబితే నల్లగొండ పాత బస్తీ వైపు చిన్న షెడ్డు నడిపే ఒక చాచా దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. నేను ఇంతకుముందు ఏమేం మార్పించానో చెప్పబోతే ఆపాడు. "అవి తర్వాత చెప్పుండ్రి సార్. ముందుగాల చప్పుడు సంగతి చెప్పుండ్రి. ఎంత స్పీడుకు మొదలైతది? మలుపు కొట్టినప్పుడు తగ్గుతదా, పెరుగుతదా?" మలుపుల దగ్గర ఏమవుతుందో నన్ను ఎవరూ అడగలేదు. గమనించి చెప్పమని కూడా ఎవరూ అనలేదు.

చేతులు తుడుచుకుని కారెక్కాడు. ముందు సీటు తలుపు తీసి పట్టుకుంటే వద్దని వెనక కూర్చున్నాడు. నార్కట్‌పల్లి రోడ్డు పట్టాం. ఏసీ ఆపమన్నాడు, అద్దాలు ఎక్కించమన్నాడు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట 60లో స్టీరింగ్ కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకు తిప్పుతూ పొమ్మన్నాడు. కుడికి తిప్పినప్పుడల్లా గర్రు పెరిగింది, ఎడమకు తిప్పితే తగ్గింది. కారు కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది, చెడిన బేరింగు మీద బరువు పడితే ఎక్కువ మొరుగుతుంది. కాబట్టి ఎడమవైపు. అంతవరకు మొదటి గ్యారేజీవాళ్ళు కూడా సరిగ్గానే అనుకున్నట్టున్నారు. చాచా ఇంకో మెట్టు దిగాడు. వెనక సీటు మీద వంగి, ఎడమవైపు చెవి ఆనించి, కాసేపు అట్లాగే ఉన్నాడు. చెర్వుగట్టు దారి దాటాక లేచి, "ఎనకది సార్, ఎడమది. ఇగ బండి తిప్పుండ్రి" అన్నాడు.

అయినా షెడ్డుకు వచ్చి వెంటనే బేరింగు తెమ్మనలేదు. వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలించాడు. ఎడమ చేతి వేళ్ళు సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించి, కుడి చేత్తో చక్రం మెల్లగా తిప్పాడు. తర్వాత నన్ను పట్టుకోమన్నాడు. చెవికి దాదాపు ఏమీ వినిపించడం లేదు. కానీ చక్రం తిరుగుతుంటే స్ప్రింగులో ఇసుక నమిలినట్టు సన్నటి గరుకు వేళ్ళకు తెలుస్తోంది. కుడివైపు చక్రం లేపి అదే చేయించాడు, అక్కడ స్ప్రింగు నిశ్చలంగా ఉంది. ఆ తేడా చేతికి తెలిశాక ఇక ఎవరూ వాదించాల్సిన పని లేదు. విప్పి బేరింగు బయటికి తీస్తే సీలు ఒకచోట లేచి ఉంది, గ్రీసు గోధుమ రంగు నీళ్ళయిపోయింది, రింగు మీద గోటికి తగిలేంత గుంటలు.

కొత్త బేరింగు వేశాక 100లో కూడా కారు నిశ్శబ్దం. బిల్లు అడిగితే బేరింగు ఖరీదు, బిగించిన లేబర్ చెప్పాడు. "మరి చూసినందుకు?" అన్నాను. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "చూసినందుకు పైసలేంది సార్?" అన్నాడు.

నన్ను ఈ వ్యాసం రాయించింది ఆ మాటే. ఆ పూట ఆయన చేసిన పనిలో విలువైనది బేరింగు బిగించడం కాదు. అది ఏ షెడ్డులోనైనా అవుతుంది. నాలుగు చక్రాల్లో ఏదో చెప్పడం, అదీ ఒక్క పార్టు వృథా చేయకుండా చెప్పడం, ఆయనకు నలభై ఏళ్ళ పనిలో వచ్చిన విద్య. ఆ విద్యకు తన లెక్కలోనే ధర లేదు. అంతకుముందు తప్పు చెప్పినవాళ్ళు రెండు సార్లు బిల్లు వేసి నా దగ్గర తీసుకున్నది ఈయన బిల్లుకు ఎన్నో రెట్లు. ఇట్లాంటి మనుషుల దగ్గర పని నేర్చుకోవడానికి కుర్రవాళ్ళు ఎందుకు రావడం లేదని మనం ఆశ్చర్యపోతుంటాం. వినే ఓపిక నేర్చుకుంటే పైసా రాదు, పానా తిప్పితేనే వస్తుందని వాళ్ళకు మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

నేను ఈ మాట అన్నప్పుడల్లా మిత్రులు మూడు రకాల జవాబులు చెప్తారు.

ఒకటి, ముదరనివ్వాలన్నది. "కొన్నాళ్ళు తిప్పు, చప్పుడు పెద్దగైతే ఏదో దానంతటదే తెలుస్తది." ఇందులో కొంత నిజముంది. అప్పుడే మొదలైన బేరింగు రొదను పట్టుకోవడం కష్టం, కొద్ది రోజులు ఆగితే స్పష్టమవుతుంది. కానీ ఆ మాట అనాలంటే ముందు అది బేరింగే, బ్రేకు కాదు అని తేలాలి కదా! అరిగిన ప్యాడును ముదరనిస్తే డిస్కు పోతుంది, అదృష్టం బాగాలేకపోతే మనిషే పోతాడు. బేరింగు కూడా చక్రం పట్టుకుని ఊపితే అటూ ఇటూ కదిలేంత వదులైందంటే ఇక ఒక్క రోజు కూడా ఆగకూడదు. ముదరనివ్వొచ్చో లేదో చెప్పేదే డయాగ్నసిస్.

రెండోది, "షోరూంకు పో, కంప్యూటర్ పెట్టి చెప్తరు" అన్నది. ఆ కంప్యూటర్, అంటే స్కానర్, చూపించేది సెన్సర్లు చెప్పిన కోడ్లు. ప్యాడు, బేరింగు, ఇరుక్కున్న రాయి, ఇవి గరగరమంటున్నాయని చెప్పే సెన్సరు మామూలు కార్లలో లేదు. చక్రం దగ్గర ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సరు ఉంటుంది కానీ అది చూసేది చక్రం వేగాన్ని. పెద్ద వర్క్‌షాపుల్లో ఇంకో చిక్కు ఏమిటంటే, మన మాట వినేది ఒకరు, పని చేసేది వేరొకరు. "60లో కుడికి తిప్పినప్పుడు పెరుగుతోంది" అని మనం చెప్పిందంతా జాబ్‌కార్డు మీద "ముందు నాయిస్" అన్న రెండు ముక్కలవుతుంది. లోపల పానా పట్టుకున్న మనిషికి చేరేది అంతే.

మూడోది నేను గట్టిగా పట్టించుకోవాల్సిన అభ్యంతరం. "కనిపెట్టినందుకు వేరే ఛార్జీ పెడితే, అదీ తీసుకుని పార్టులూ మారుస్తారు. రెండు వైపులా దెబ్బ." ఆ భయం ఉత్తిది కాదు. అందుకే ఇచ్చే పద్ధతి కూడా చెప్పాలి. డాక్టర్ ఫీజు వేరు, మందుల షాపు బిల్లు వేరు అని మనకు తెలుసు. కనిపెట్టడానికి మాట్లాడుకున్న డబ్బులు కనిపెట్టగానే ఇచ్చేయాలి, బిగించే పని అక్కడే చేయించాలన్న షరతు ఉండకూడదు. అప్పుడు పార్టు అంటగట్టాల్సిన అవసరం మెకానిక్‌కు సగం తీరిపోతుంది, "ఏం లేదు సార్, రాయి ఇరికింది" అని ధైర్యంగా చెప్పగలుగుతాడు.

మన వంతు కూడా ఉంది. కారు ఇచ్చి తాళం చేతిలో పెట్టి ఆఫీసుకు పోతే ఎంత మంచి మెకానిక్ అయినా ఊహించి చేయాల్సిందే. ఎంత వేగంలో మొదలవుతుంది, బ్రేకుతో మారుతుందా, గేరుతో మారుతుందా, మలుపులో ఎటువైపు పెరుగుతుంది, చల్లటి బండికా వేడి బండికా, ఇవి రాసిపెట్టుకుని వెళ్ళాలి. చాలాసార్లు షెడ్డుకు చేరేసరికి చప్పుడు మాయమవుతుంది. అందుకని వెనక కూర్చున్నవాళ్ళ చేత ఫోనులో రికార్డు చేయించి పెట్టుకోవడం మంచిది. ట్రయల్ వేయకుండా పార్టు పేరు చెప్పేవాళ్ళ దగ్గర పని మొదలుపెట్టనివ్వకండి. మెకానిక్ పక్కన కూర్చుంటే మీరు తోలండి, ఆయన తోలితే మీరు వెనక కూర్చుని వినండి.

పార్టు మార్చాల్సిందే అని తేలినా అడగాల్సినవి ఉన్నాయి. ప్యాడ్లు ఇరువైపులా జతగానే మార్చాలి, లేకుంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది. బేరింగులను జతగా మార్చాలన్నది మాత్రం అమ్ముకునే మాట, చెడినదాన్ని మారిస్తే చాలు. డిస్కు పట్టించే ముందు దాని మందం కొలవాలి. ఎంతకన్నా తగ్గకూడదో చాలా డిస్కుల మీదే అచ్చు వేసి ఉంటుంది, అంతకన్నా తగ్గేట్టయితే లేతు వద్దు, కొత్త డిస్కే. లోపలికి దించే రకం బేరింగు అయితే నొక్కి దించే ప్రెస్సు మీద దించుతారా, సుత్తితో కొడతారా అని అడగండి. సుత్తి దెబ్బ గుండ్ల మీదుగా పోతే రింగు మీద కంటికి కనిపించని నొక్కులు పడతాయి, కొన్ని వేల కిలోమీటర్లకే కొత్త బేరింగు పాతదానిలా మొరుగుతుంది. అప్పుడు "డూప్లికేట్ మాల్ సార్" అని కంపెనీ మీదికి తోసేస్తారు. చిన్న షెడ్డులో ప్రెస్సు లేకపోవడం తప్పు కాదు, బేరింగు కూర్చునే హబ్ విప్పి లేతు షాపుకు పంపి దించుకొచ్చేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. ఆ కిరాయి మనమే ఇస్తామని ముందే చెబితే సుత్తి జోలికి పోరు. ఏబీఎస్ ఉన్న కారుకు బేరింగు లోపల అయస్కాంతపు రింగు ఉంటే అది ఏ వైపు ఉండాలో చూసి దించాలి, తలకిందులైతే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. తీసిన పాత పార్టు అడిగి చేతిలోకి తీసుకోండి. బేరింగు అయితే వేళ్ళతో తిప్పి చూడండి. నున్నగా, నిశ్శబ్దంగా తిరిగితే బాగున్నదాన్ని తీశారేమోనని అప్పుడే, అక్కడే అడగండి.

ఇప్పుడు నేను చాచా దగ్గరికి ఎవరిని పంపినా ముందే చెప్పి పంపుతున్నాను: చూసినందుకు మూడు వందలు, ట్రయల్‌కు పెట్రోలు మనది, పార్టు అవసరం లేకపోయినా ఆ మూడు వందలు ఇవ్వాలి. మొదట్లో ఆయన మొహమాటపడ్డాడు. ఈ మధ్య గోడ మీద చాక్‌పీసుతో "చెకింగ్ 300" అని రాయించాడు. అది చూసి కొందరు వెనక్కి పోతున్నారట, పోనీ అంటున్నాడు. ఆయన దానికి కలిపిన షరతు కూడా నాకు న్యాయంగానే అనిపించింది: ఆయన చెప్పిన పార్టు మార్చాక కూడా అదే చప్పుడు వస్తే, రెండోసారి చూడటానికీ విప్పి బిగించడానికీ ఏమీ తీసుకోడు.